క్యాన్లలో మంజీర

మా పాపకు నీళ్లు మారితే పడదని నేను మొదటిసారి ఎప్పుడు అన్నానో గుర్తు లేదు. బహుశా దాని మొదటి జలుబుకే అని ఉంటాను. ఆ తర్వాత అది మా ఇంట్లో పెద్ద డాక్టరు చెప్పిన మాటలా నిలబడిపోయింది. నిర్మల్‌లో పెళ్లికి పిలిస్తే, పాపకు నీళ్లు పడవు. కామారెడ్డి నుంచి మా అక్క ఎన్నిసార్లు రమ్మన్నా, పాపకు నీళ్లు పడవు. నాకు వెళ్లాలని లేని ప్రతి చోటా నీళ్లు చెడ్డవే కావడం ఎవరూ గమనించలేదు. నేను కూడా గమనించలేదు. చివరికి "హైద్రాబాద్ ఎప్పుడొస్తరు?" అని మా ఆయన అడిగినప్పుడు కూడా నా తరఫున నీళ్లే జవాబు చెప్పాయి.

అప్పుడు మేముండేది బోధన్‌లో, అత్తగారింట్లో. మామగారు చక్కెర ఫ్యాక్టరీలో పనిచేసేవారు. అది మూతపడ్డాక, కాలువ చివరన ఉన్న పొలం చూసుకుంటున్నారు. ఒకప్పుడు ఆ పొలమంతా చెరుకు. నిజాంసాగర్ కాలువ నీళ్లు చివరిదాకా రావడం తగ్గాక వరి. అదీ అనుమానమైన ఏడు సోయా. అత్తమ్మ ఇంటినీ, మామగారినీ, వీధిలో సగం మందినీ నడిపిస్తుంది. మా ఆయనది హైదరాబాద్ పడమటి వైపు అద్దాల భవనంలో ఉద్యోగం. అమెరికాలో ఎవరి కంప్యూటరో మొరాయిస్తే ఇక్కడ కూర్చుని దాన్ని దారికి తేవాలి. వాళ్ల పగలు ఈయనకు రాత్రి. శనివారం మధ్యాహ్నానికి ఎర్రబడ్డ కళ్లతో ఇంటికి చేరేవాడు, సోమవారం పొద్దున్నే బస్సెక్కేవాడు. మేమొస్తామన్న ఆశతో అక్కడ చిన్న ఫ్లాట్ అద్దెకు తీసుకుని, ఏడాదిగా దానికి ఒక్కడే కాపలా ఉంటున్నాడు.

ఒక శనివారం గేటు చప్పుడైంది. పాప వాకిట్లోకి పరుగెత్తి చూసి, మళ్లీ లోపలికి పరుగెత్తుకొచ్చింది.

"నానమ్మా! సుట్టమొచ్చిండు!"

అత్తమ్మ నవ్వింది. నేనూ నవ్వాను. గుమ్మంలో చెప్పులు విడుస్తూ మా ఆయనా నవ్వాడు. పాప మాత్రం నవ్వలేదు. దానికి మేము నేర్పిన మర్యాద ఒకటుంది: ఇంటికి ఎవరొచ్చినా ముందు నీళ్లివ్వాలి. స్టీలు గ్లాసు రెండు చేతులతో పట్టుకుని, సగం నీళ్లు గౌను మీద ఒలకబోసుకుంటూ తీసుకొచ్చి, తండ్రికి ఇచ్చి, చుట్టాలను అడిగినట్టే అడిగింది.

"మంచిగున్నరా?"

"మంచిగున్న బిడ్డా" అన్నాడు మా ఆయన. ఆ మధ్యాహ్నం ఆయనకు ఇష్టమని వండిన చింతచిగురు పప్పు రెండోసారి అడగలేదు.

సాయంత్రం డాబా మీద ఆరిన బట్టలు తీస్తుంటే వెనకాలే వచ్చాడు.

"జూన్‌ల దాన్ని బడిల ఎయ్యాలె. ఎండాకాలం దాటినంక నాకు శనాదివారాలు గూడ డ్యూటీ పడేటట్టుంది. మీరు రాకుంటె ఫ్లాట్ ఇడిసిపెట్టి దోస్తులతోని రూంల ఉంట. అప్పుడు నెలకోసారి వస్త."

"పాపకు నీళ్లు..."

"నెలకోసారొస్తె దానికి నేను సుట్టాన్ని గూడ కాదు" అన్నాడు. "సుట్టమన్న ఎవరో ఎరుకుంటది."

చేతిలో ఉన్న చొక్కాను మడత పెట్టి, విప్పి, మళ్లీ మడత పెట్టాను. ఒక వారం వచ్చి ఉండి చూస్తానని ఒప్పుకున్నాను. ఆ వారం తర్వాత ఫ్లాట్ ఉంచాలో వదలాలో ఓనరుకు చెప్పాలి.

ఇక్కడ నా చదువు గురించి చెప్పుకోవాలి, లేకపోతే నా తెలివి పూర్తిగా అర్థం కాదు. నేను చరిత్రలో ఎమ్మే. పాప పుట్టకముందు నిజామాబాద్‌లో ఒక డిగ్రీ కాలేజీలో ఏడాది పాఠాలు చెప్పాను. నాకిచ్చిన పేపర్లో ఒక భాగం రాజధాని నగరం ఎట్లా పెరిగిందన్నది. బోర్డు మధ్యలో పెద్ద సున్నా చుట్టి, అదే హైదరాబాద్ అనేదాన్ని. చుట్టూ జిల్లాలు. జిల్లాల నుంచి సున్నాలోకి బాణాలు. మూసీకి వరదొచ్చి నగరం కొట్టుకుపోవడం, తర్వాత చెరువులు తవ్వించడం, నిజాం కాలంలో మంజీర మీద నిజాంసాగర్ ఆనకట్ట కట్టి కాలువలు తీయడం, కాలువ వెంట చెరుకు, చెరుకు వెంట ఫ్యాక్టరీ, ఫ్యాక్టరీ నుంచి రాజధానికి చక్కెర. ఇదంతా చరిత్ర. ఆ తర్వాత సెలవులు. సెలవుల తర్వాత ప్రపంచీకరణ: విదేశీ కంపెనీలు, అద్దాల భవనాలు, బాణాలు ఇప్పుడు సముద్రాల అవతలి నుంచి. బాగా చెబుతానని పేరు కూడా వచ్చింది. ఇన్ని బాణాలు గీసిన నాకు అమీర్‌పేటలో రోడ్డు దాటడం రాదన్న సంగతి విద్యార్థులకు తెలియదు. హైదరాబాద్‌కు పోటీ పరీక్షలు రాయడానికి తప్ప నేనెప్పుడూ పోలేదు. పోయిన ప్రతిసారీ మా అన్న చొక్కా పట్టుకుని నడిచాను.

ప్రయాణానికి ముందు రోజు నేను నీళ్లు కాచడం మొదలుపెట్టాను. మా బోధన్ కుళాయి నీళ్లు. కాలువ నుంచి చెరువులోకి, చెరువు నుంచి మాకు వచ్చే నీళ్లు. శుభకార్యాలకు తీసే పెద్ద బగోనె దింపి, కాచి, చల్లార్చి, తెల్ల బట్టలో వడగట్టి, నాలుగు పెద్ద ప్లాస్టిక్ క్యాన్లు నింపాను. అత్తమ్మ నడుము మీద చేతులు పెట్టుకుని చూస్తూ నిలబడింది.

"ఏందే పిల్లా గిది? హైద్రాబాద్‌ల నీళ్లు లేవా?"

"ఉన్నయి గని అత్తమ్మా, దానికి నీళ్లు మారితె పడది."

"నువ్వు పుట్టినప్పుడు మీ అవ్వ గిట్లనే క్యాన్లు వట్టుకోని తిరిగిందా?"

వాకిట్లో పేపరు చదువుతున్న మామగారు కళ్లద్దాల పైనుంచి చూశారు. ఆయనకు చరిత్ర అంటే సొంత పాలివాళ్ల తగాదా. నిజాం తన తండ్రిని అడిగే కాలువ ఎటు తవ్వాలో తేల్చుకున్నాడన్నట్టు మాట్లాడతారు.

"ఒగప్పుడు మన ఊరి నుంచి హైద్రాబాద్‌కు చక్కెర పోతుండె" అన్నారు. "చక్కెర బందైంది. ఇగ కోడలు నీళ్లు మోస్తుంది."

"నవ్వుండ్రి మీరు" అన్నాను. "ఆడ దానికేమన్న అయితె?"

"అయితె వాపస్ రా" అంది అత్తమ్మ. "కాకుంటె ఆణ్నే ఉండు. నువ్వు పోతెనన్న టీవీ రిమోట్ నా చేతికొస్తది."

నిజామాబాద్ బస్టాండులో హైదరాబాద్ ఎక్స్‌ప్రెస్ ఎక్కాం. నేను, పాప, ఒక బట్టల బ్యాగు, నాలుగు క్యాన్లు. డ్రైవరు వెనక సీటు సంపాదించి, క్యాన్లను కాళ్ల దగ్గర వరుసగా నిలబెట్టాను. కండక్టరు వచ్చి నాకు సున్నా టికెట్ కొట్టి, క్యాన్ల దగ్గర ఆగాడు.

"గవేంది అక్కా, నూనెనా?"

"నీళ్లు."

"ఏం నీళ్లు? గంగ నీళ్లా?"

"తాగే నీళ్లే అన్నా. పాపకు."

ఆయన బస్సంతా వినపడేలా చెప్పాడు. "ఆడోళ్లకు ఫిరీ అక్కా. నీళ్లకు ఫిరీ అని సర్కారు ఇంక చెప్పలే." వెనక నుంచి ఎవరో, "క్యాన్లకు ఆధార్ కార్డు ఉన్నదా అడుగు" అన్నారు. బస్సు నవ్వింది. పాప కూడా నవ్వింది, దానికి ఏం అర్థమైందో. లగేజీ టికెట్ కొట్టించుకుని కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చున్నాను. ఇందల్వాయి టోల్ గేటు దగ్గర బస్సు ఆగినప్పుడు నీళ్ల సీసాలు అమ్మే ఆయన ఎక్కాడు. నా క్యాన్లు చూసి, "అక్కా, నా ధంద మీద వడ్డవా?" అని దిగిపోయాడు. అప్పటికి నాకు కొంచెం సిగ్గేసింది. సిగ్గేస్తే మనిషి ఆలోచించాలి. నేను మూతలు గట్టిగా బిగించాను.

మా ఆయన బస్టాప్‌కు వచ్చాడు. పాపను ఎత్తుకున్నాడు. క్యాన్లు చూశాడు. చాలాసేపు చూశాడు.

"బట్టలు తెచ్చినవా?"

"ఒక బ్యాగు."

"నీళ్లు?"

"నాలుగు."

ఫ్లాట్ దగ్గర లిఫ్టు పనిచేయడం లేదు. ఒక్కో చేత్తో ఒక్కో క్యాను పట్టుకుని రెండు విడతలుగా మూడో అంతస్తుకు మోశాడు. తిట్టి ఉంటే నాకు హాయిగా ఉండేది.

బాల్కనీలో నిలబడి నా పాఠం కోసం వెతికాను. పాఠంలో చరిత్రకూ ప్రపంచీకరణకూ మధ్య సెలవులుండేవి. ఇక్కడ వాటి మధ్య గోడ కూడా లేదు. ఎదురుగా అద్దాల భవనం. దాని పక్కన పగలగొట్టగా మిగిలిన ఏనుగంత బండరాయి. బండ నీడలో ఆకుపచ్చ జెండా కట్టిన చిన్న దర్గా. దర్గాను తాకకుండా పెద్ద రోడ్డు వంగిపోయింది. దర్గా అరుగు మీద క్యాబ్ డ్రైవర్లు నిద్రపోతున్నారు. వాళ్లు రాత్రంతా అమెరికా కోసం మేలుకున్నవాళ్లను మోశారు. కిందికి దిగి దుకాణంలో పసుపు పొట్లం తిప్పి చూస్తే నిజామాబాద్ పేరు కనబడింది. చక్కెర పొట్లం తిప్పి చూస్తే మహారాష్ట్ర. గాజు సీసాలో బెల్లం పెట్టి, దాని మీద చెరుకు తోట బొమ్మ వేసి అమ్ముతున్నారు. మా ఊళ్లో చెరుకు తోట తగ్గిపోయి బొమ్మలోకి వచ్చిందా అనుకున్నాను. ఒక్క క్షణం గొప్ప ఆలోచన వచ్చినట్టనిపించింది. అంతలో పాప దుకాణంవాడి కూజా దగ్గరికి పోతోందని కేకేశాను.

ఆ ఫ్లాట్‌లో నేను కఠినమైన రాజ్యాంగం అమలు చేశాను. పాప తాగడానికి బోధన్ నీళ్లు. పాప అన్నానికి, పాలలో కలపడానికి, పళ్లు తోమి పుక్కిలించడానికి బోధన్ నీళ్లు. మిగతా లోకానికి కుళాయి. నేను కుళాయి నీళ్లే తాగుతూ, కడుపులో ఏ చిన్న చప్పుడైనా చెవి ఒగ్గి వినేదాన్ని. ఏం కాలేదు. అది కుళాయి మంచితనమని కాక నా శరీర దారుఢ్యమని తీర్మానించుకున్నాను.

మా ఆయన పగలు పడుకునేవాడు. పాప గుమ్మం దగ్గర కాపలా కూర్చుని, నేను గిన్నె చప్పుడు చేస్తే వేలు నోటి మీద పెట్టి, "ష్... సుట్టం పండుకున్నడు" అనేది. సాయంత్రం ఆయన లేచి హాల్లోకి రాగానే గ్లాసు తీసుకుని వెళ్లేది. రెండో రోజు అది ఎత్తు పీట ఎక్కి క్యాను నుంచి నీళ్లు వంచుతుంటే చూసి, నేను గబగబా గ్లాసు లాక్కున్నాను.

"ఇవి నీయి. బాపుకు నల్లా నీళ్లియ్యి."

గ్లాసు నీళ్లు మళ్లీ క్యానులో పోసి, కుళాయి తిప్పి నింపి దాని చేతికిచ్చాను. తలెత్తితే మా ఆయన వంటింటి గుమ్మంలో ఉన్నాడు.

"గా నీళ్లల్ల పుట్టి పెరిగిన" అన్నాడు నెమ్మదిగా. "ఇప్పుడు నాకు గయి బంద్ వెట్టినవా?"

"అయిపోతయని..."

"నేను ఏడాది సంది గీ నల్లా నీళ్లే తాగుతున్న. నన్ను సూస్తె నీకు బీమారోని లెక్క కనిపిస్తున్ననా?"

నిజానికి ఆ నిద్రలేని కళ్లతో కొంచెం అట్లాగే కనిపిస్తున్నాడు. కానీ అది నీళ్ల వల్ల కాదని నాకూ తెలుసు. పాప ఇచ్చిన గ్లాసు తాగి, వంగి దానికి సలాం చేశాడు, చుట్టాలెవరూ చేయనట్టు. అది పకపకా నవ్వింది. నేను క్యాను మూత బిగించి బాల్కనీలోకి జరిపాను. అక్కడ మంచి ఎండ.

తర్వాతి రోజు పాపకు విరేచనాలు పట్టుకున్నాయి.

ఆ రోజు నేను పడ్డ భయం గురించి రాస్తే నవ్వుకునే విషయం ఉండదు. రాయను. కానీ ఆ భయం అడుగున ఎక్కడో చిన్నగా, సన్నగా, 'నేను చెప్పలేదా' అన్న ముక్క కూడా ఉంది. నగరం ఓడింది, నేను గెలిచాను. బిడ్డ కడుపు పట్టుకుని ఏడుస్తుంటే తల్లి గెలవడం ఎంత దరిద్రమో అప్పుడు తోచలేదు. ఆటోలో, "వాపస్ పోదాం, నేను ముందే అన్న" అన్నాను. మా ఆయన పాప తల నిమురుతూ బయటికి చూస్తున్నాడు.

డాక్టరుగారు పాప నాలుక, కళ్లు చూశారు. "ఏ నీళ్లు తాగుతుంది?" అన్నారు.

"మా ఊరి నీళ్లే సార్. కాచి, వడగట్టి తెచ్చిన. ఇక్కడి నీళ్ల చుక్క ముట్టనియ్యలే."

ఆయన పెన్ను కింద పెట్టారు. ఎందులో తెచ్చారు, ఎప్పుడు తెచ్చారు, ఎక్కడ పెట్టారు అని ఒక్కొక్కటే అడిగారు. ప్లాస్టిక్ క్యాను. బస్సు. బాల్కనీ. మూత ఎన్నిసార్లు తీశారంటే, ప్రతి గ్లాసుకూ. పాప చెయ్యి పెట్టిందా అంటే, పెట్టే ఉంటుంది. నేను పాప వంచిన గ్లాసు నీళ్లు మళ్లీ లోపల పోసిన సంగతి ఆయన అడగలేదు, నేను చెప్పలేదు.

"మరి మీరేం తాగారమ్మా?"

"నల్లా నీళ్లు సార్."

"మీకేమైంది?"

"ఏం కాలే."

"సరే" అన్నారు డాక్టరుగారు. "పాపకూ అవే కాచి ఇవ్వండి. ఎప్పటికప్పుడు." మా ఆయన గోడ మీది టీకాల బొమ్మను ఎంతో శ్రద్ధగా చదవడం మొదలుపెట్టాడు. భుజాలు కదులుతున్నాయి.

పాప మర్నాటికి తేరుకుంది. క్యాన్లు బాత్రూములో ఒంపేస్తుంటే ఎదురింటావిడ తలుపు కొట్టింది. పెద్దావిడ, జహీరాబాద్ వైపు మనిషి.

"మంజీర వస్తున్నది బిడ్డా, పట్టుకో. గంట సేపే ఉంటది. ఆనక బోరు నీళ్లే."

"ఏం వస్తుంది?"

"మంజీర. మన గల్లీకి గదే కదా."

బిందె పట్టుకుని కుళాయి ముందు నిలబడిపోయాను. నగరానికి కృష్ణ, గోదావరి నీళ్లు కూడా వస్తాయి. మా ఆయన అద్దెకు తీసుకున్న వీధికి మాత్రం మంజీర. అది నాకు తెలియని విషయమైతే కొంత మర్యాదగా ఉండేది. నేను పాఠం చెప్పిన విషయం. బోర్డు మీద ఆ సున్నాలోకి నీలం రంగు మార్కరుతో బాణం గీసేదాన్ని. నిజాంసాగర్‌కు పైన, సింగూరు నుంచి నగరానికి మంజీర నీళ్లు. ఒకసారి ముందు బెంచీలో అమ్మాయి లేచి, "మేడం, పైన్నే తీస్కుంటె మరి కింద నిజాంసాగర్‌కు ఏం మిగుల్తది?" అని అడిగింది. "మంచి ప్రశ్న" అన్నాను. "సిలబస్‌లో లేదు" అన్నాను.

ఆ నది పైన గొట్టాల్లో పడి, మా కంటే ముందే ఈ ఇంటికొచ్చి కూర్చుంది. మిగిలింది కిందికి పారి, నిజాంసాగర్‌లో ఆగి, కాలువ పట్టి, చెరువులో చేరి, మా బగోనెలో ఉడికి, వడగట్టించుకుని, లగేజీ టికెట్ తీసుకుని, నా కాళ్ల దగ్గర కూర్చుని వచ్చింది. పాఠంలో నేను గీసిన బాణం వెంటే క్యాన్లు మోశాను.

అత్తమ్మకు ఫోన్ చేశాను.

"ఎట్లున్నది పిల్ల? నీళ్లు మారినయని పడలేదా?"

"మారలే అత్తమ్మా. ఈడ గూడ మంజీర నీళ్లే."

అటువైపు అత్తమ్మ నవ్వు. ఆ నవ్వు ఆగేదాకా నేను ఫోన్ చెవికి దూరంగా పట్టుకోవాల్సి వచ్చింది. "ఇగో ఇనుండ్రి, మీ కోడలు మంజీరకు మంజీరను మోస్కపోయిందట!" అని వాకిట్లోకి కేకేసింది. మామగారి గొంతు వినబడింది. "గట్లనా? మరి మన పొలంకాడికి గూడ జెర్రంత ఇడువుమని చెప్పు గా నల్లాకు."

ఆయన నవ్వుతూనే అన్నారు. నేను నవ్వలేకపోయాను. బిందె నిండి పొర్లుతోంది. కాలువ చివరి పొలానికి అందని నీళ్లలో కొన్ని ఇవి. నా బిడ్డకు పనికొచ్చే నీళ్లు కూడా ఇవే. రెండూ ఒకే ధారలో పడుతుంటే ఏ సంగతికి కుళాయి కట్టాలో తెలియలేదు. పొర్లుతోంది కాబట్టి కట్టేశాను. ఆ అమ్మాయి ప్రశ్న ఇప్పటికీ నా దగ్గర అట్లాగే ఉంది.

సాయంత్రం మా ఆయన లేచాడు. పాప గ్లాసు తీసుకెళ్లి, "మంచిగున్నరా?" అంది. ఆయన తాగి, నావైపు చూడకుండా అడిగాడు.

"ఓనర్‌కు ఏం చెప్పాలె?"

నేను అలవాటుగా నీళ్ల కోసం వెతికాను. నా తరఫున మాట్లాడడానికి అవి లేవు. నాకు భయమని, ఆ రోడ్లంటే, ఆ లిఫ్టంటే, పగలు నిద్రపోయే ఇల్లంటే భయమని చెప్పాను. మొత్తం చెప్పేసరికి పాప చేతిలో ఖాళీ గ్లాసుతో ఇద్దరి మధ్యా నిలబడి వింటోంది.

"నాకు గూడ భయమే" అన్నాడు. "గా లిఫ్టయితె నాకు మస్తు భయం."

"జూన్‌ల వస్తున్నరని చెప్పు" అన్నాను.

వచ్చాం. నాలుగు నెలలైంది. నీళ్ల భయం తీరింది కాబట్టి ఇప్పుడు దుమ్ము, వీధికుక్కలు, స్కూలు ఆటో బ్రేకులు చూసుకుంటున్నాను. ఆయన డ్యూటీలో ఉండగా పాప నిద్రపోయాక కూర్చుని ఇది రాస్తున్నాను. ఎదుటి భవనంలో ప్రతి అంతస్తులో దీపాలున్నాయి. బోర్డు మీద ఇంత వెలుతురు నేను ఎప్పుడూ గీయలేదు. క్యాన్లను సగానికి కోసి బాల్కనీలో కొత్తిమీర వేశాను. సరిగా రావడం లేదు. బోధన్ మట్టి తెప్పిస్తే వస్తుందేమోనని నిన్న అత్తమ్మతో అన్నాను. తర్వాత ఏం జరిగిందో చెప్పను.

ఈ రోజు పొద్దున ఆయన డ్యూటీ నుంచి వచ్చాడు. పాప నేల మీద బొమ్మ ఇటుకలు పేర్చుకుంటోంది. తల కూడా ఎత్తలేదు.

"బిడ్డా, బాపుకు నీళ్లు తెస్తవా?"

"నువ్వే తాగు. నేను కడుతున్న."

బూట్లు విప్పుకుని, వంటింట్లోకి వచ్చి, గ్లాసు తీసుకుని, బిందెలోంచి తనే ముంచుకుని నిలబడే తాగాడు. నేను కోపంగా, దానికి మర్యాద గుర్తుచేద్దామని "ఏమే!" అని హాల్లోకి కదిలాను. ఆయన చెయ్యి అడ్డం పెట్టాడు.

"ఏమనకు" అన్నాడు. ఇంకో గ్లాసు ముంచుకున్నాడు.